వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోందా? కొత్తది కొనే ముందు మీ టేబుల్ ఒకసారి చూడండి

మా బాబాయి షాపులో ఒక్క ఏడాదిలో మూడు వైర్‌లెస్ మౌస్‌లు మారాయి. ఆ మూడింటిలో ఒక్కటి కూడా పాడవలేదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఒక అమ్మాయి డిగ్రీ సీటు తారుమారయ్యేంత పని జరిగింది. అందుకే ఈ ఆర్టికల్.

షాపు పర్ణశాలలో, గుడికి వెళ్లే దారిలో ఉంటుంది. భద్రాచలం నుంచి సుమారు 35 కిలోమీటర్లు, దుమ్ముగూడెం మండలం. రాములవారి దర్శనానికి వచ్చినవాళ్లు బంగారు లేడి బొమ్మ దగ్గరో, సన్యాసి వేషంలో ఉన్న రావణుడి దగ్గరో ఫోటో దిగుతారు. బాబాయి పది నిమిషాల్లో ప్రింట్ తీసి ఇస్తాడు. టూరిస్టులు లేని రోజుల్లో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు. ఒక అసెంబుల్డ్ డెస్క్‌టాప్, ఒక ప్రింటర్, నెట్ కోసం ఫోన్ హాట్‌స్పాట్. అంతే సెటప్.

"పొద్దున బాగానే ఉంటదిరా, సాయంత్రానికి అలసిపోతది" అనేవాడు బాబాయి తన మౌస్ గురించి. నేను నవ్వి, "బ్యాటరీ మార్చు బాబాయ్" అని ఫోన్‌లో చెప్పేసి ఊరుకునేవాణ్ని. నిజానికి అసలు క్లూ ఆ మాటలోనే ఉంది. సాయంత్రమే ఎందుకు? ఆ ప్రశ్న నేను అడగలేదు.

మొన్న వేసవిలో నేను అక్కడున్నప్పుడు దోస్త్ వెబ్ ఆప్షన్ల చివరి రోజు వచ్చింది. దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్లు జరిగే ఆన్‌లైన్ పద్ధతి అని మీలో చాలామందికి తెలుసు. పక్క ఊరి నుంచి ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. మొదటి ఆప్షన్‌గా భద్రాచలం కాలేజీ పెట్టుకోవాలి, రోజూ ఇంటి నుంచి వెళ్లి రావచ్చు కాబట్టి. టైమ్ సాయంత్రం ఆరు దాటింది. మౌస్ మొరాయించడం మొదలుపెట్టింది. క్లిక్ చేస్తే పడదు. పడలేదని మళ్లీ నొక్కితే రెండూ కలిసి ఆలస్యంగా పడతాయి. ఆ లోపు పేజీ కదిలిపోయి ఉంటుంది. సేవ్ చేశాం. "ఒకసారి ప్రింట్ తీసి చూసుకుంటా అన్నా" అంది ఆ అమ్మాయి. చూస్తే మొదటి వరుసలో హైదరాబాద్‌లోని ఏదో కాలేజీ ఉంది! వాళ్ల నాన్న మొహం చూడలేకపోయాను. సొరుగులో చక్రం విరిగిన పాత వైర్ మౌస్ ఒకటి దొరికితే దాంతో వరుస సరిచేసి, మళ్లీ ప్రింట్ తీసి, పైకి చదివించి పంపాం.

ఆ రాత్రి షాపు మూశాక కూర్చున్నాను. బాబాయి అప్పటికే నాలుగో మౌస్ కొందామంటున్నాడు.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది రేడియో సమస్యేనా?

వైర్‌లెస్ మౌస్ సరిగ్గా పనిచేయకపోతే మనం వెంటనే "సిగ్నల్ లేదు" అనుకుంటాం. సగం సార్లు అది సిగ్నల్ గొడవ కానే కాదు. బాబాయి టేబుల్ మీద గాజు పలక ఉంది, దాని కింద రేట్ల కార్డు, సీతారాముల పటం. గాజు మీద మామూలు ఆప్టికల్ సెన్సర్ తడబడుతుంది. కింద ఉన్న ఉపరితలాన్ని వరసగా ఫోటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి కదలికను లెక్కగట్టడం దాని పని. గాజు నునుపుగా, పారదర్శకంగా ఉంటే పోల్చుకోవడానికి ఏమీ దొరకదు.

తేడా పట్టుకోవడం తేలిక. బాణం గుర్తు ఎగురుతోంది, కానీ క్లిక్కులు, స్క్రోల్ మాత్రం టక్కుమని పడుతున్నాయంటే అది సెన్సర్ సమస్య. కింద ఒక తెల్ల కాగితం పెట్టండి, పోతుంది. కదలికతో పాటు క్లిక్, స్క్రోల్ కూడా ఆలస్యమవుతుంటే అప్పుడు రేడియో మీద అనుమానపడాలి. కీబోర్డ్ అయితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్షరాలు మింగేస్తుంది, లేదా ఒకసారి నొక్కిన అక్షరం వరసగా పదిసార్లు పడుతుంది. "కీ వదిలేశాను" అనే సందేశం దారిలో పోయింది కాబట్టి, వేలు ఇంకా కీ మీదే ఉందని కంప్యూటర్ అనుకుంటుంది.

నేను కాగితం పెట్టి చూశాను. తేడా లేదు. బ్యాటరీ కొత్తది వేశాను, దాన్ని పట్టుకునే స్ప్రింగు మీద పచ్చటి చిలుము గీకేశాను. గోదావరి ఒడ్డు తేమకి ఇది మామూలే. అయినా అదే తీరు. మౌస్‌ని నా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. వెన్నలా నడిచింది! అంటే మౌస్ నిర్దోషి, దాని డాంగిల్ కూడా నిర్దోషి. దోషి ఆ డెస్క్‌టాప్‌లోనో, దాని చుట్టుపక్కలో ఉంది.

ఇక్కడ ఒక టెస్ట్ చెబుతాను, ఏ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పెయింట్ తెరిచి, పెన్సిల్‌తో వేగంగా గుండ్రాలు గీయండి. మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు తన కదలికను కంప్యూటర్‌కి చెబుతుంది. అన్నీ చేరితే గీత గుండ్రంగా వస్తుంది. మధ్యలో కొన్ని పోతే ఆ ఖాళీల్ని పెయింట్ తిన్నటి గీతలతో కలిపేస్తుంది, సున్నా కాస్తా పలకలు పలకలుగా తయారవుతుంది. ఏ మార్పు చేసినా ముందు ఒక సున్నా, తర్వాత ఒక సున్నా గీసి పోల్చండి. ఒకసారికి ఒకటే మార్చండి. మూడు మార్చేసి "సెట్ అయిపోయింది" అనుకుంటే రేపు మళ్లీ వచ్చినప్పుడు ఏది మార్చాలో మీకే తెలియదు.

ఊళ్లో వై-ఫై లేదు, మరి అడ్డమేంటి?

హైదరాబాద్ హాస్టల్లో అయితే ఈ సమస్యకి నేను రెండు నిమిషాల్లో జవాబు చెప్పేవాణ్ని. వై-ఫై లిస్ట్ తెరిస్తే ముప్పై పేర్లు కనిపిస్తాయి. అవన్నీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే మన మౌస్, కీబోర్డ్, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా బతకాలి. మన దేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు ఉన్న ఈ బ్యాండ్‌ని తక్కువ పవర్ పరికరాలకు 2005 జనవరిలో లైసెన్స్ అక్కర్లేకుండా వదిలేశారు. దాంతో అది ఎవరైనా గుడ్డ పరుచుకుని కూర్చునే సంత అయింది.

పర్ణశాలలో రాత్రి తొమ్మిదికి వై-ఫై లిస్ట్ తెరిస్తే కనిపించింది ఒకే ఒక్క పేరు, బాబాయి ఫోనే. ఇంత ప్రశాంతమైన చోట మౌస్‌కి ఊపిరి ఆడడం లేదంటే అడ్డం బయట నుంచి రావడం లేదు, టేబుల్ మీదే ఉంది. సిటీలో ఉండి ఉంటే పక్కింటి రౌటర్‌ని తిట్టుకుని ఊరుకునేవాణ్ని, అసలు విషయం ఎప్పటికీ తెలిసేది కాదు.

మొదటి అనుమానం ఆ ఫోన్ మీదే. సిగ్నల్ బాగా వస్తుందని బాబాయి దాన్ని సీపీయూ డబ్బా మీదే పెడతాడు. డాంగిల్ వెనక పోర్టులో ఉంది. రెండింటి మధ్య జానెడు దూరం. ఫోన్ హాట్‌స్పాట్ 2.4లో ఉంటే అంత దగ్గర నుంచి అది అరుస్తుంటే డాంగిల్‌కి మౌస్ గొంతు వినపడడం కష్టమే. హాట్‌స్పాట్ ఆపేసి, డేటా కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. సున్నా కొంచెం బాగుపడింది. పూర్తిగా కాదు. పైగా హాట్‌స్పాట్ పొద్దున్నుంచీ ఆన్‌లోనే ఉంటుంది కదా, మౌస్ సాయంత్రమే ఎందుకు అలసిపోతోంది?

అప్పుడు అడిగాను. "బాబాయ్, సాయంత్రం ఆరింటికి నువ్వు కొత్తగా ఏం చేస్తావ్?"

"ఏముందిరా, ఆ రోజు ఫోటోలు హార్డ్‌డిస్క్‌లో ఎక్కించుకుంటా."

దొంగ దొరికాడు

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు. 1986లో 75.6 అడుగులు వచ్చాక అంత నీరు మళ్లీ అప్పుడే. షాపు మునిగింది. సీపీయూ బురదలో దొరికింది, అందులో ఏళ్ల తరబడి తీసిన ఫోటోలు పోయాయి. అప్పటి నుంచి బాబాయికి ఒక నియమం. ప్రతి సాయంత్రం ఆ రోజు పని మొత్తం పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్తాడు. ఆ హార్డ్‌డిస్క్ పెట్టే నీలం రంగు పోర్టు, మౌస్ డాంగిల్ ఉన్న పోర్టు ఒకదాని పక్కన ఒకటి.

నీలం రంగు అంటే యూఎస్‌బీ 3.0. ఫ్రెండ్స్, ఈ విషయం మీరు గుర్తుపెట్టుకుంటే ఈ ఆర్టికల్ చదివిన టైమ్ గిట్టుబాటు అయినట్టే: యూఎస్‌బీ 3.0 పరికరం నడుస్తున్నప్పుడు దాని కనెక్టర్, కేబుల్, పరికరం మూడూ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో రొద చేస్తాయి. ఇది ఇంటర్నెట్ పుకారు కాదు. ఇంటెల్ కంపెనీయే 2012లో దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడు దగ్గర్లో 2.4 బ్యాండ్ రొద దాదాపు 20 డెసిబెల్స్ పెరిగిందని అందులో కొలిచి చూపించారు.

20 డెసిబెల్స్ అంటే చిన్నదిగా వినిపిస్తుంది. లెక్కలో అది వంద రెట్లు. అడ్డంకి లేని ఖాళీ స్థలం లెక్కన చూస్తే, పది మీటర్ల నుంచి పనిచేయాల్సిన మౌస్ ఒక్క మీటరుకే చేతులెత్తేస్తుంది. బాబాయి సీపీయూ టేబుల్ కింద నేల మీద ఉంది. మధ్యలో ఇనుప డబ్బా, చెక్క, మనిషి కాళ్లు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, ఈ తరంగాల్ని అది బాగానే మింగుతుంది. అసలే సిగ్నల్ బక్కచిక్కి చేరుతోంది, దాని పక్కనే ఈ రొద.

ఎందుకిలా? యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపుతుంది. ఆ వేగంలో ఒకట్లు, సున్నాలు మారుతుంటే పుట్టే శక్తి సున్నా నుంచి 5 గిగాహెర్ట్జ్ వరకు పరుచుకుంటుంది. మన 2.4 సరిగ్గా దాని మధ్యలో పడింది. దాన్ని ఫిల్టర్ పెట్టి కోసేద్దామంటే కుదరదు, ఎందుకంటే ఆ భాగం డేటాకీ కావాలి. షీల్డింగ్ బాగున్న కేబుల్, డిస్క్ అయితే రొద తక్కువ. చౌకవి అయితే ఎక్కువ.

మీలో కొందరు అడుగుతారు, బ్లూటూత్ ఛానెళ్లు మారుస్తూ తప్పించుకుంటుంది కదా అని. నిజమే. క్లాసిక్ బ్లూటూత్ 79 ఛానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి రద్దీ ఉన్న ఛానెళ్లని గుర్తుపట్టి వదిలేయడం కూడా నేర్చుకుంది. కానీ అది వై-ఫై లాంటి వాటి మీద పనిచేసే ఉపాయం. వై-ఫై మామూలుగా బ్యాండ్‌లో 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తుంది, మిగతా చోటు ఖాళీ. జాతరలో ఒక కొట్టువాడు మైకు పెడితే నాలుగడుగులు పక్కకి వెళ్లి మాట్లాడుకుంటాం, అలాంటిది. యూఎస్‌బీ రొద అలా కాదు. రేకుల షెడ్డు మీద జడివాన పడుతున్నట్టు ఉంటుంది. షెడ్డులో ఏ మూలకి జరిగినా అదే మోత. బ్యాండ్ మొత్తం నిండిపోతే ఎక్కడికి గెంతాలి?

సందేహం లేకుండా తేల్చుకుందామని పరీక్ష చేశాను. హార్డ్‌డిస్క్ తీసి సున్నా గీశాను, గుండ్రం. పెట్టి పెద్ద వీడియో కాపీ చేస్తూ గీశాను, పలకలు పలకలు. తీశాను, గుండ్రం. ఇలా నాలుగుసార్లు. బాబాయి పక్కన నిలబడి చూసి, "అయితే ఆ మూడు మౌస్‌లూ..." అని ఆగిపోయాడు. రెండు అప్పటికే ఎవరికో ఇచ్చేశాడు.

హార్డ్‌డిస్క్ తీయకుండా మౌస్‌ని బాగుచేయడం

"ఆ డిస్క్ వద్దులే బాబాయ్, క్లౌడ్‌లో పెట్టుకో" అనడం సిటీవాడి సలహా. అక్కడి మొబైల్ నెట్‌తో రోజుకి నాలుగైదు జీబీ ఎక్కించడం అయ్యే పని కాదు. వరదలో ఏళ్ల పని పోగొట్టుకున్న మనిషికి ఆ డిస్క్ ఎంత ముఖ్యమో నేను చెప్పక్కర్లేదు. డిస్క్ ఉండాలి, మౌస్ నడవాలి.

దీనికి మందు దూరం. భద్రాచలంలో ఒక మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొన్నాను, నూటయాభై రూపాయలు. దాన్ని సీపీయూ ముందువైపు నల్ల పోర్టుకి పెట్టి, రెండో కొసకి డాంగిల్ తగిలించి, మానిటర్ కింద టేప్ వేశాను. ఇప్పుడు డాంగిల్‌కి మౌస్ మూరెడు దూరంలో, కళ్లెదురుగా ఉంది. డిస్క్ టేబుల్ కింద వెనకవైపు ఎక్కడో ఉంది. కాపీ నడుస్తుండగా సున్నా గీశాం. గుండ్రం! కొన్ని కంపెనీల డాంగిల్ బాక్సుల్లో ఇలాంటి పొట్టి కేబుల్ ముందే వేసి ఇచ్చేది ఇందుకే. మనం దాన్ని అనవసరం అనుకుని బాక్సుతో పాటు అటక మీదకి పారేస్తాం.

కేబుల్ లేకపోతే డిస్క్‌నే నల్ల యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టండి. ఆ మోడ్‌లో ఈ రొద ఉండదు. వేగం పడిపోతుంది, అయిదు జీబీకి ఒక నిమిషం లోపు పట్టేది రెండున్నర నిమిషాలు పడుతుంది. చాయ్ తాగేలోపు అయిపోతుంది. ల్యాప్‌టాప్ వాళ్లు ఒక పక్క డిస్క్ లేదా టైప్-సి హబ్, రెండో పక్క డాంగిల్ పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. హబ్‌లోనే డాంగిల్ పెట్టేవాళ్లు మాత్రం ఈ కష్టాన్ని కోరి తెచ్చుకుంటున్నట్టే.

డాంగిల్ లేని పూర్తి బ్లూటూత్ మౌస్ అయితే కథ కొంచెం మారుతుంది, యాంటెన్నా కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి. అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌ల దగ్గర నేను ఎక్కువగా చూసిన తప్పు ఒకటుంది. మదర్‌బోర్డ్‌తో పాటు వచ్చిన రెండు యాంటెన్నాల్ని వెనక బిగించకుండా బాక్సులోనే వదిలేస్తారు. యాంటెన్నా లేకపోయినా అడుగు దూరంలో పేరింగ్ అయిపోతుంది, "కనెక్టెడ్" అని కూడా చూపిస్తుంది. ఆ మాట నమ్మి వెంటపడితే బంగారు లేడి వెంట పడినట్టే. ముందు వెళ్లి వెనకవైపు ఆ రెండు బంగారు రంగు మరలు ఖాళీగా ఉన్నాయేమో చూడండి.

మీ మౌస్ వాడుతున్నంతసేపూ బాగుండి, కాసేపు వదిలేసి మళ్లీ ముట్టుకుంటే రెండు సెకన్లు నిద్రపోతోందా? అది రేడియో కాదు, విండోస్ పొదుపు. డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ అడాప్టర్ లేదా యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే టిక్ తీసేయండి. కీబోర్డ్ అప్పుడప్పుడు మాయమైపోతుంటే అది మీ ఫోన్‌కో, టీవీకో కనెక్ట్ అయి ఉందేమో చూసుకోండి, మూడు పరికరాలతో జతకట్టే మోడల్స్‌లో ఇది రోజూ జరిగేదే. ఇక "డ్రైవర్ అప్‌డేట్ చేయండి" అనే సలహా గురించి నా అభిప్రాయం అడిగితే, అది చివర్లో చేయాల్సిన పని. అందరూ మొదట చెప్పేది అదే, అందుకే అసలు కారణం ఎవరికీ దొరకదు.

ఒక చిన్న ముచ్చట. మర్నాడు పొద్దున ఇయర్‌బడ్స్ పెట్టుకుని గోదావరి ఒడ్డున నడిస్తే పాట తెగితెగి వచ్చింది, షాపులో అవే బడ్స్ బ్రహ్మాండంగా పనిచేశాయి. బయట మనుషులు లేరు, వై-ఫై లేదు, మరి ఎందుకు? గదిలో గోడలకి తగిలి తిరిగొచ్చే తరంగాలు ఒంటి చుట్టూ తిరిగి చెవికి చేరతాయి. ఏటి ఒడ్డున తిప్పి పంపే గోడ లేదు. జేబులో ఫోన్‌కీ చెవికీ మధ్య నా ఒళ్లే అడ్డం. ఫోన్‌ని చొక్కా పై జేబులోకి మార్చాను, పాట సాఫీగా నడిచింది.

ఇప్పుడు షాపులో డాంగిల్ మానిటర్ కిందే వేలాడుతోంది. హాట్‌స్పాట్ బదులు టెథరింగ్ కేబుల్ ఉంది, ఫోన్ ఛార్జింగ్ కూడా అదే చూసుకుంటోంది. సాయంత్రం ఆరింటికి డిస్క్ ఎక్కుతుంది, మౌస్ అలసిపోవడం లేదు. అయినా వెబ్ ఆప్షన్ల రోజుల్లో బాబాయి ఆ చక్రం విరిగిన వైర్ మౌస్‌నే సొరుగులోంచి తీస్తాడు. నేనూ వద్దనలేదు.